పంచె మీద నెమలి

ధర్మవరం బడిలో దేవదాసు అయ్యవారి ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఈరోజు వచ్చే ఇన్‌స్పెక్టరు మెచ్చి రాస్తే నిలుస్తుంది, లేకపోతే పెట్టె సర్దుకోవలసిందే. దేవదాసుకు బెంగలేదు. పెనుకొండ కచేరీలో మూలపడ్డ బొమ్మల లాంతరునూ, హిందూపురం నుంచి గ్రామఫోనునూ రైల్లో తెప్పించాడు. నెమలి పాఠం. లాంతరు వెలుగులో గోడ మీద నెమలి బొమ్మ కనిపిస్తుంది, దాని ఆటకు గ్రామఫోనులో నాదస్వరం వినిపిస్తుంది. ఇలాంటి పాఠం ఈ తాలూకాలో ఎవరూ చెప్పి ఉండరు.

గోడ మాత్రం మసిబారి ఉంది. పక్కింటి నేతగాడు ఓబుళప్ప దగ్గర తెల్ల పట్టుపంచె అడిగి తెచ్చి గోడకు కట్టాడు. అది ఒక పెళ్లికొడుకు కోసం నేసింది. పెళ్లివారు సాయంత్రం వస్తారు, ఆలోగా ఇచ్చేస్తానన్నాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చేలోగా ఒకసారి సరిచూద్దామని పిల్లల్ని కూర్చోబెట్టి, తలుపులు మూసి, లాంతరు వెలిగించి, రికార్డు పెట్టాడు. నాదస్వరం వీధంతా మోగింది. ఓబుళప్ప భార్య బుజ్జమ్మ, పెళ్లివారు అప్పుడే మేళంతో దిగిపోయారనుకుని పంచె కోసం బడికి పరుగెత్తింది. తలుపు సందులోంచి చూస్తే, చీకట్లో తమ పంచె మీద పురివిప్పిన నీలి నెమలి.

అటునుంచి అటే వెనక్కి తిరిగి, అయ్యవారు పంచె మీద నెమలిని అచ్చేశాడని మొగుడికి చెప్పింది. మాట పక్క మగ్గం దాకా పోయేసరికి, అచ్చేసింది లాంతరనీ, రెప్పపాటులో వేసిందనీ అయింది. వీధి చివరకు చేరేసరికి ఆ లాంతరు చీరలు కూడా నేసేస్తోంది. మగ్గాలన్నీ ఆగాయి. నేతగాళ్లు బడి మీదికి వచ్చారు.

"ఏమయ్యవారూ, పెండ్లికొడుకు నెమలిని కట్టుకోని పీటల మీద కూర్చుంటాడా?" అన్నాడు ఓబుళప్ప.

"వాడు యాడో ఒగచోట కూర్చుంటాడులేబ్బా. రేపట్నుంచి లాంతరే నేస్తాంటే మనం యాడ కూర్చుండేది?" అన్నాడు వెనకనుంచి పక్క మగ్గం దాసప్ప.

దేవదాసు నవ్వి లాంతరుకు చెయ్యి అడ్డం పెట్టాడు. నెమలి మాయమైంది. చెయ్యి తీశాడు, వచ్చింది. ఓబుళప్ప వెళ్లి పంచెను తడిమితే నెమలి ఆయన చేతి మీదికి ఎక్కింది. ఆయన కోపం ఎటు పోయిందో, తోకనే చూస్తూ నిలబడ్డాడు.

"దాసప్పా, ఈ తోక చీర కొంగుకు ఎట్లుంటాదంటావు?"

అందరూ పిల్లల వెనక చతికిలబడ్డారు. సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పిల్లలతోపాటు పెద్దలు కూడా కళ్లార్పకుండా పాఠం వినే ఊరిని ఆయన ఇంతవరకు చూడలేదట. అయ్యవారి ఉద్యోగం ఖాయమని అక్కడికక్కడే రాశాడు. ఆ తోక చీర కొంగుకు పనికొస్తుందని ఓబుళప్ప చెప్పేసరికి, ఇంత ఉపయోగపడే లాంతరు నేతగాళ్ల దగ్గరే ఉండాలని కూడా రాశాడు.

ఆ ఏడు నెమలి కొంగు చీరలకు మంచి గిరాకీ వచ్చింది. పిల్లలు నెమలి పాఠాన్ని పుస్తకంలోనే చదువుకున్నారు.