దర్శకుడి ఫోటో ముందు తీపి గోధుమలు

ఆ పొద్దున లూకియా వేసుకున్న పథకంలో ఎక్కడా చావు ప్రసక్తి లేదు. పాంతెలిస్ బాబాయి మిఠాయి దుకాణంలో కేకు తీసుకోవాలి. థియేటర్లో బల్ల సర్దాలి. మధ్యాహ్నం విమానాశ్రయానికి వెళ్లి, ఏథెన్స్ నుంచి వస్తున్న దర్శకుడు ఇయోర్దానిస్ మావ్రెల్లిస్‌ని తీసుకురావాలి. సాయంత్రం తమ పేట ఓక్లీలో గ్రీకు సినిమా పండగ మొదలుపెట్టాలి. అంతే.

అయినా ఆమె కాలు ఒకచోట నిలవడం లేదు. థియేటర్ యజమాని ట్రెవర్ కిందటి వారమే మొహం మీద చెప్పేశాడు. "ఏమీ అనుకోకు లూకియా. తొలిరోజు కూడా సగం కుర్చీలు ఖాళీగా ఉంటే, వచ్చే ఏడాది ఈ వారం పిల్లల బొమ్మల సినిమాలకిచ్చేస్తాను." నిన్నటికి అమ్ముడైన టిక్కెట్లు ముందు రెండు వరసలకు కూడా సరిపోవు. పళ్ల డాక్టరు దగ్గర రోజంతా ఫోన్లెత్తే లూకియాకి ఏడాది మొత్తంలో ప్రాణం లేచొచ్చేది ఈ ఒక్క వారమే. అది పోతే ఇక మిగిలేది జనాల పళ్లు.

దుకాణంలో గాజుబల్ల మీద రెండు తెల్ల అట్టపెట్టెలున్నాయి. ఒకే రిబ్బను, ఒకే ముడి.

"నాదేది బాబాయ్?" అని లూకియా ఫోను చెవికి నొక్కుకునే అరిచింది. సిడ్నీలో దర్శకుడు మారాల్సిన విమానం రద్దయిందట; అవతల విమానాల కంపెనీ వాళ్లు ఆగమని సంగీతం వినిపిస్తున్నారు.

"ఎడమవైపుది!" అని పొయ్యి దగ్గర్నుంచి పాంతెలిస్ కేకేశాడు. "కుడివైపుది పోలిక్సేని వాళ్లాయనది, ముట్టుకోకు!"

పాంతెలిస్ ఆమెకు ఎదురుగా నిలబడి ఉన్నాడు కాబట్టి అతని ఎడమ ఆమెకు కుడి అవుతుంది. అంత ఆలోచించే తీరిక లూకియాకి లేదు. తన ఎడమచేతి వైపున్న పెట్టె ఎత్తుకుని కారెక్కింది.

పెట్టెలో ఉన్నది కోలివా. పోయినవాళ్ల ఆత్మశాంతికి గ్రీకులు చర్చిలో పంచే ఉడికించిన గోధుమలు. దానిమ్మ గింజలు, బాదం, దాల్చినచెక్క కలిపి, పైన తెల్లటి పంచదార పొడి పరిచి, మధ్యలో వెండిరంగు మిఠాయి గోళీలతో సిలువ దిద్దుతారు. పోలిక్సేని భర్త థ్రాసీవులోస్ పోయి నలభై రోజులైంది. ఆ సాయంత్రమే చర్చిలో ప్రార్థన.

థియేటర్ ముందు హాల్లో లూకియా బల్లకు తెల్లగుడ్డ పరిచింది. దర్శకుడి నలుపు తెలుపు ఫోటో నల్ల ఫ్రేములో నిలబెట్టి, అటొకటి ఇటొకటి కొవ్వొత్తులు పెట్టింది. కళగా ఉంటుందనుకుంది. అంతలో పైనుంచి కబురు: ప్రొజెక్టర్లో సినిమా తెరుచుకోవడం లేదు. "ట్రెవర్, ఆ పెట్టె విప్పి ఫోటో ముందు పెట్టవా" అంటూ మెట్లెక్కి పరుగు తీసింది.

ట్రెవర్ విప్పాడు. కేకు కొంచెం పలచగా ఉందనిపించింది కానీ, ప్లస్ గుర్తు చక్కగా కుదిరిందని మెచ్చుకున్నాడు. ఇంత మెత్తటి కేకుని కోయడమెలాగో తెలియక, కాగితం గిన్నెలూ చెంచాలూ పక్కన పెట్టాడు.

ఎక్కడికైనా అందరికంటే ముందొచ్చి దారి పక్క కుర్చీ పట్టుకోవడం స్తమాతియా పిన్నికి అలవాటు. ఆవిడ లోపలికి అడుగుపెట్టి, ఫోటో, కొవ్వొత్తులు, సిలువ చూసింది. చేతిసంచి జారవిడిచి సిలువ గుర్తు వేసుకుంది. పుట్టి బుద్ధెరిగిన గ్రీకు ఎవరైనా ఆ బల్ల చూసి ఇంకోలా అనుకోలేరు.

సరిగ్గా అప్పుడే లూకియా జుట్టు పీక్కుంటూ మెట్లు దిగింది.

"ఎప్పుడే అమ్మాయ్?" అంది స్తమాతియా గొంతు తగ్గించి.

"పొద్దున తెలిసింది పిన్నీ. నా గుండె ఆగినంత పనైంది. ఇంకా సిడ్నీలోనే ఉన్నాడు. ఏదో ఒక విమానంలో ఎక్కిస్తామంటున్నారు, ఎప్పుడో చెప్పరు."

"సామాన్లతో పాటా?"

"సామాన్లు ముందే వచ్చేశాయి."

"పెళ్లానికి చెప్పారా?"

"నేనే ఫోను చేశాను. నవ్వేసింది."

"పిచ్చితల్లి," అంది స్తమాతియా కళ్లొత్తుకుంటూ. "బాధ తలకెక్కితే అంతే."

లూకియా అప్పటికే మళ్లీ మెట్ల మీద ఉంది. స్తమాతియా కుర్చీ సంగతి మరిచిపోయి ఫోను తీసింది. ఆవిడ నలుగురికి చెప్పింది. ఆ నలుగురికీ అక్కచెల్లెళ్లున్నారు.

సినిమా అంటే మోకాళ్ల నొప్పులు గుర్తొచ్చే మనుషులు నల్లబట్టలు కట్టుకుని బయల్దేరారు. పరాయి దేశంలో, అయినవాళ్లు లేని చోట, మన కోసం వస్తూ దారిలో పోయాడట! వెళ్లకపోతే మొహమెక్కడ పెట్టుకోవాలి? చర్చి కాదు కాబట్టి గుమ్మం దగ్గర టిక్కెట్టు అడిగారు. కొన్నారు. ఒక్కొక్కరు గిన్నెలో గోధుమలు తీసుకుని, "దేవుడాయన్ని మన్నించుగాక" అని తిన్నారు. ట్రెవర్ మూడు గిన్నెలు తిని, పక్కవాళ్లని చూసి తనూ తల వంచాడు.

సినిమా ఎట్టకేలకు తెరుచుకుంది. లూకియా చిన్న కిటికీలోంచి హాల్లోకి చూసింది. కుర్చీలన్నీ నిండి, గోడల వెంబడి కూడా జనం!  కిందికి పరుగెత్తుకొచ్చి ముందు నల్లబట్టలు చూసింది, తరువాత బల్ల చూసింది.  పాంతెలిస్‌కి ఫోను చేసింది.

"నువ్వు చేసిన పనికి నేను పిండి బస్తాల వెనక దాక్కున్నాను," అన్నాడతను గుసగుసగా. "చర్చిలో పోలిక్సేని పెట్టె విప్పిందట. సినిమా రీలు ఆకారం కేకు, మీద చాక్లెట్‌తో 'మా మధ్యకు స్వాగతం!' నలభయ్యో రోజున! ఫాదర్ కూడా దడుచుకున్నాడట. ఆవిడ నీ దగ్గరికే వస్తోంది, పారిపో!"

పారిపోవడానికి పక్క తలుపు తీస్తే, ఎదురుగా ఇయోర్దానిస్ మావ్రెల్లిస్ నలిగిన కోటులో, నిక్షేపంగా నిలబడి ఉన్నాడు. "ఏదో విమానం దొరికింది, అక్కడ దిగి టాక్సీ పట్టుకొచ్చేశా. తినడానికేమైనా ఉందా?" అన్నాడు.

లూకియా అతన్ని తెర వెనక్కి లాగి, చేతికందిన గిన్నె ఇచ్చి, ఏడుస్తూ సంగతంతా చెప్పింది. వేదిక మీద పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు మాట్లాడుతున్నాడు. కిందటేడు ఇదే దర్శకుడి సినిమాలో గుర్రుపెట్టి నిద్రపోయిన మనిషి. "ఇటువంటి కళాకారుడు ఇక పుట్టడు" అంటూ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. హాలంతా ముక్కులు చీదింది.

"నేను వెళ్లి నిజం చెప్పేస్తాను," అంది లూకియా.

దర్శకుడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అతని కళ్లలో నీళ్లు. "నా జీవితంలో ఎవరూ నా గురించి ఇలా అనలేదమ్మా. ఇంకో ఇద్దరు మాట్లాడాక చెబుదువుగాని, నీకు పుణ్యముంటుంది."

ఇద్దరు మాట్లాడే దాకా ఆగనక్కర్లేకపోయింది. వెనక తలుపులు ధడాల్న తెరుచుకున్నాయి. రెండు చేతులతో కేకు మోసుకుంటూ పోలిక్సేని నడిచొచ్చింది.

"నా మొగుడి గోధుమలు తిన్నదెవరు?"

ఆ అరుపుకి దర్శకుడు చేతిలో గిన్నెతో తెర పక్కనుంచి బయటపడ్డాడు. స్తమాతియా కెవ్వుమంది. మాస్టారు మైకు వెనక నక్కాడు.

"నేనేనండీ," అన్నాడు దర్శకుడు. "క్షమించాలి. బతికే ఉన్నాను."

గగ్గోలు లేచింది. మోసమని ఒకరు, టిక్కెట్ డబ్బు తిరిగివ్వమని ఇంకొకరు. లూకియా వేదిక ఎక్కి, తప్పంతా తనదేనని చెబుతూ భోరుమంది. పరువూ పండగా ఒక్కసారే పోయాయని ఆమెకు తెలుస్తూనే ఉంది. జనం కోట్లు తొడుక్కోవడం మొదలుపెట్టారు.

పోలిక్సేని మాత్రం కదల్లేదు. వరసల వెంబడి ఖాళీ గిన్నెలు చూసుకుంటూ నిలబడింది. చర్చికి ఆవిడ మరిది కూడా రాలేదు.

"మీరంతా తిన్నారా?" అంది.

"తిన్నాం," అన్నారు భయంగా.

"తిని, దేవుడు మన్నించుగాక అన్నారా?"

"అన్నాం."

"ఎవరి గోధుమలైతే ఆ మాట వాళ్లకే చెందుతుంది," అంది పోలిక్సేని.  "మా పెళ్లికి కూడా ఇంతమంది రాలేదు. నా థ్రాసీవులోస్ ప్రార్థన మధ్యలో లేచిపోయేదెవరో నేనూ చూస్తాను. కూర్చోండి!"

కూర్చున్నారు. కోట్లతో సహా కూర్చున్నారు. ముందు వరసలో కేకు ఒళ్లో పెట్టుకుని పోలిక్సేని కూర్చుంది, పక్కన దర్శకుడు. సినిమా నడిచిన రెండుంపావు గంటల్లో ఒక్కరూ దగ్గలేదు. చివర్లో ఆవిడ అతని భుజం తట్టి, "ఏమీ అర్థం కాలేదు నాయనా, కానీ బాగా ఏడ్చాను," అని కేకు కోసి పంచింది.

జనం వెళ్లిపోయాక ట్రెవర్ లూకియా దగ్గరికి వచ్చాడు. వచ్చే ఏడాది వారం కాదు, పది రోజులు తీసుకోమన్నాడు. ఆమె అక్కడే మెట్ల మీద కూలబడి, ఏడుస్తూనే నవ్వింది.

మర్నాడే ఇంకో పేరున్న ఏథెన్స్ దర్శకుణ్ని వచ్చే ఏటికి పిలిచింది. జరిగిందంతా అప్పటికే విన్న ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద: తన గురించిన సంతాప ఉపన్యాసాలన్నీ తను రాకముందే అయిపోవాలట.