టైలరు కోసం వచ్చిన అంబులెన్సు

హెడ్మాస్టరుగారి కోటు పదకొండింటికల్లా వదిలించుకుని కాసేపు నడుం వాల్చాలని టైలరు పొద్దున్నే గట్టిగా అనుకున్నాడు. హెడ్మాస్టరు పదింటికే వచ్చి అద్దం ముందు నిలబడ్డాడు.

"పదిరోజుల్నించీ తిప్పుతున్నావు. బట్ట కుడుతున్నావా, నేస్తున్నావా?"

టైలరు వంగి కోటు అంచు మడిచి పట్టుకున్నాడు. పెదవుల మధ్య ఆరు గుండుసూదులున్నాయి.

అప్పుడే లోపల్నించి భార్య వచ్చింది. నిన్న ఆస్పత్రిలో పక్షవాతం గురించి చెప్పిన మాటలు విని వచ్చినప్పటినుంచీ ఆవిడ ఎవర్ని చూసినా ముందు మూతికేసే చూస్తోంది.

"ఏమండీ! మీ మూతేంటి అలా పక్కకి పోయింది?"

"హూ... హూదులు," అన్నాడు టైలరు.

"అయ్యో, మాట ముద్దగా వస్తోంది! చేతులు రెండూ పైకెత్తండి!"

ఎడంచేత్తో కోటు అంచు పట్టుకుని ఉన్నాడు కనక విసుగ్గా కుడిచెయ్యి ఒక్కటే ఎత్తాడు. అంతే, ఆవిడ అంబులెన్సుకి ఫోన్ చేసేసింది.

ఆ కేకలకి పక్కకొట్టు ఇస్త్రీ అతను పరుగెత్తుకొచ్చి, టైలర్ని అమాంతం ఎత్తి, బట్టలు కత్తిరించే బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టాడు. సూదులు గొంతులోకి జారతాయేమోనని టైలరు పళ్ళు బిగించాడు. మూతి ఇంకా వంకరపోయింది.

"కదలకు, అన్నా! వదినా, కాసిని నీళ్ళు పోద్దామా?"

"వద్దు! మింగుడు పడక పొలమారుతుంది. నీళ్ళూ వద్దు, మాత్రలూ వద్దు. ఎప్పుడు మొదలైందో టైం చూడు!"

టైలరు గింజుకుని లేచి, సూదులన్నీ ఒక్కొక్కటే బయటికి తీసేసరికి గుమ్మంలో నర్సు, స్ట్రెచరు సిద్ధం.

"ఒకసారి నవ్వండి," అంది నర్సు.

"నవ్వొచ్చే పని ఇక్కడ ఎవరు చేశారు తల్లీ?"

"మాట శుభ్రంగానే ఉంది," అని నర్సు టైలరు భార్యకేసి కోపంగా చూసింది. టైలరుకి తల కొట్టేసినట్టయింది.

వెనక హెడ్మాస్టరు కోటుతో కుస్తీ పడుతున్నాడు. "చె... చెయ్యి... దూ..." అన్నాడు.

టైలరుకి ఒళ్ళు మండిపోయింది. "నా కుట్టులో లోపమేం లేదు మేష్టారూ! చెయ్యెత్తి దూర్చండి!"

చెయ్యి లేవలేదు. అద్దంలో హెడ్మాస్టరు ముఖం సగం జారిపోయి కనిపించింది. టైలరు కోపం చప్పున దిగిపోయింది.

"అమ్మా, ఈయన్ని చూడండి! నేను కాదు, ఈయన!"

నర్సు ఒక్క గెంతులో చేరుకుంది. "ఈయన చివరిసారి మామూలుగా మాట్లాడిందెప్పుడు?"

"నన్ను తిట్టినప్పుడు. పదీ పది."

పదిన్నరకల్లా టైలరు కోసం తెచ్చిన స్ట్రెచరు మీద హెడ్మాస్టరు వెళ్ళిపోయాడు. ఒక చెయ్యే తొడిగిన కోటు కూడా ఆయనతోనే పోయింది. టైలరు బల్లమీద కూలబడ్డాడు. 

వారం తర్వాత హెడ్మాస్టరు ఫోన్ చేశాడు. మాట నిదానంగా ఉంది కానీ స్పష్టంగా ఉంది.

"వెంటనే రాబట్టి రక్తపు గడ్డ కరిగించే మందు పనిచేసిందన్నారయ్యా. నన్ను చూడగానే అంబులెన్సు పిలిచిందట మీ ఆవిడ. ఎంత చురుకు!"

టైలరు భార్యకేసి చూశాడు. ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది.

"అవునండీ, చాలా చురుకు," అన్నాడు.

ఆనాటినుంచీ ఆ ఇంట్లో అతను విసుక్కోవాలన్నా ముందు రెండు చేతులూ ఎత్తి, నవ్వి చూపించాల్సి వస్తోంది.