ఖాళీ కవర్లు

మొక్కలకు నోరు లేదన్న అపవాదును విత్తన సంరక్షణ కార్యాలయం శాశ్వతంగా తుడిచిపెట్టింది. పురుగు కొరికిన మొక్క ఒక రకమైన వాసన వదులుతుందనీ, అది తెలిసి పక్క మొక్కలు తమ ఆకుల్ని చేదెక్కించుకుంటాయనీ, పురుగుల్ని వేటాడే కందిరీగలు ఆ వాసన పట్టుకుని వస్తాయనీ శాస్త్రజ్ఞులు చెప్పగానే, కార్యాలయం ఆ వాసనను దరఖాస్తుగా గుర్తించింది. (గుర్తించాక నిబంధనలు పెట్టకపోతే మర్యాదగా ఉండదు.) ఇకపై మొక్క స్వయంగా ఫిర్యాదు చేసుకుంటే తప్ప దాని మీది పురుగును ఎవరూ ముట్టకూడదు.

ఈ సౌకర్యం తోటమాలి కొంప ముంచింది. కార్యాలయం పెరట్లో, చుట్టూ సన్నటి వల కట్టిన గదిలో ఆమె పెంచుతున్న నలభై టమాటా మొక్కలు వాళ్లమ్మ దాచిన ఆఖరి గింజలతో మొలిచినవి. ఆ రకం ఇంకెక్కడా మిగల్లేదు. కార్యాలయం పెద్దసారు తనిఖీకి వచ్చి, తలుపు బార్లా తెరిచి అరగంట ఫోను మాట్లాడిన సాయంత్రమే రెక్కల పురుగులు లోపలికి దూరి గుడ్లు పెట్టాయి. వారం తిరిగేసరికి ఆకుల నిండా పురుగులే. పెద్దసారు వెంటనే స్పందించి, తలుపుకు తాళం వేయించి, తాళంచెవిని ఫైలుకు జతపరిచారు. కందిరీగలు వచ్చాయి గానీ, దారిలేక వల బయటే తిరుగుతున్నాయి.

"సార్, తాళంచెవి ఒక్క గంట ఇప్పించండి. చేత్తో ఏరి పారేస్తాను," అని తోటమాలి ఇన్వర్డు గుమాస్తాను బతిమాలింది.

"నువ్వు అడిగితే ఎలాగమ్మా? బాధ నీదా, మొక్కదా?"

"మొక్కదేనండీ. అది మొత్తుకుంటూనే ఉంది. ఒక్కసారి వచ్చి వాసన చూడండి."

"మేం రాకూడదు. దరఖాస్తే మా దగ్గరికి రావాలి. కవర్లో పెట్టి అంటించి తీసుకురా."

ఆమె వల సందులో బిగుసుకుని బయటికి తొంగిచూస్తున్న ఆకుకు కవరు తొడిగి, కాసేపుంచి, అంటించి పరుగున తెచ్చింది. గుమాస్తా ముద్ర వేయడానికి కవరు చింపాడు. పైన ఫ్యాను తిరుగుతోంది.

"ఇందులో ఏమీ లేదే!"

"మీరు చింపారు కదండీ, ఇప్పుడే పోయింది."

"చింపకుండా ముద్ర ఎక్కడ వెయ్యను, నీ నెత్తినా?"

తొమ్మిది రోజులు తొమ్మిది కవర్లు. రిజిస్టరులో తొమ్మిదిసార్లు 'ఖాళీ' అని ఎక్కింది. పదోరోజు ఆమె తెగించి ఆకునే తుంచి పెట్టింది. గుమాస్తా కవరు చింపాడో లేదో, కిటికీలోంచి ఏడు కందిరీగలు వచ్చి ఆ ఆకు మీద వాలాయి. (ఆ కార్యాలయంలో దరఖాస్తు అందిన రోజే ఎవరైనా కదలడం అదే మొదటిసారి.) గుమాస్తా బల్ల కిందికి దూరాడు.

"చూశారా సార్! ఇప్పుడైనా తాళంచెవి ఇవ్వండి, నాలుగు మొక్కలైనా దక్కుతాయి!" అంటూ ఆమె ఏడ్చేసింది.

పెద్దసారు కూడా చలించిపోయారు. అధికారిక పత్రాన్ని సంబంధం లేనివారు చదవడం చిన్న విషయం కాదు. కందిరీగల మీద మందు కొట్టించారు, కిటికీలు మూయించారు, విచారణకు ఆదేశించారు.

తోటమాలి రోజూ వల దగ్గర నిలబడి చూసేది. మొదట ఆకులు పోయాయి, తర్వాత పిందెలు, ఆ తర్వాత మొవ్వులు. చివరికి నలభై పుల్లలు మిగిలాయి.

మూడు వారాలకు తాళంచెవితో పాటు ఉత్తర్వు ఆమె చేతికి వచ్చింది: "ఫిర్యాదుదారుల నుంచి ప్రస్తుతం ఎలాంటి వాసనా రావడం లేదు. కావున సమస్య పరిష్కారమైనట్టు భావించి ఫైలు మూసివేయడమైనది."