సన్నీబ్యాంక్‌కు వచ్చిన ఆస్కార్

బ్రిస్బేన్ తెలుగువారికి ఆస్కార్ వచ్చిన సంగతి పాఠకులకు తెలిసే ఉంటుంది. తెలియదంటే ఆ ఊళ్లోని సన్నీబ్యాంక్ పేట వాట్సాప్ గ్రూపు మిమ్మల్ని ఇంకా చేర్చుకోలేదన్నమాట. అది మీ ప్రారబ్ధం.

ఈ ఘనతకు మూలపురుషుడు ద్వారకానాథ్ గారు. పగలు ఒక కంపెనీలో ఫైనాన్స్ మేనేజరు, మిగతా వేళల్లో తెలుగు సంఘం అధ్యక్షుడు. పక్క వీధిలో ఇంగ్రిడ్ అనే ముసలావిడ ఇంట్లో పాత సామాన్లు అమ్మడానికి గరాజ్ సేల్ పెడితే ఆయన భార్య బిందుమాధవి ఒక పాత రాతబల్ల కొన్నది. ఇంటికి తెచ్చి సొరుగు లాగితే వెనకాల ఇరుక్కున్న కంచు పతకం ఒకటి బయటపడింది. ఒకవైపు గడ్డం పెద్దమనిషి బొమ్మ, చుట్టూ ‘ఆస్కార్ II’ అన్న అక్షరాలు. రెండోవైపు మూడు కిరీటాలు, ఏదో భాషలో రెండు ముక్కలు, 1897 అన్న అంకె.

బిందుమాధవి ఫోనుతో ఫొటో తీసి వెతికింది. స్వీడన్ రాజు రెండో ఆస్కార్ గద్దెనెక్కి పాతికేళ్లయిన సందర్భంలో వేసిన పతకమని తేలింది. “ఆవిడ చూసుకోకుండా అమ్మేసుంటుందండీ. ఇచ్చేసి వద్దాం” అన్నది.

ద్వారకానాథ్ గారు చదువుకున్న మనిషి కనుక అంత సులువుగా నమ్మలేదు. నిపుణుల సంఘం వేశారు. సెలవు రోజుల్లో తెలుగు సినిమాలు తెచ్చి ఆడించే విజయభాస్కర్ గారు చరిత్ర విభాగానికి, పళ్ల డాక్టరు శ్రీపతి గారు లోహ విభాగానికి బాధ్యత వహించారు. శ్రీపతి గారు ముందుగా పతకాన్ని చింతపండుతో తోమి, ఆపైన పళ్లకు వాడే పాలిష్ పట్టించారు. నూరేళ్లకు పైగా కూడబెట్టుకున్న గోధుమ వన్నె ఒక్క పూటలో సింకులో కలిసింది. పతకం పెళ్లివారి చెంబులా తళతళలాడింది. పరిశోధనలో ఇది తొలి విజయంగా నమోదైంది.

తక్కిన నిర్ణయాలు ఏకగ్రీవంగా జరిగాయి. ఆస్కార్ అని స్పష్టంగా రాసి ఉంది గనుక ఇది ఆస్కారే. రెండు గీతలున్నాయి గనుక ద్వితీయ బహుమతి. మూడు కిరీటాలు కోస్తా, సీమ, తెలంగాణ. కనుక గ్రహీత తెలుగువాడు. 1897 నాటికి ఆ అవార్డే లేదు కదా అని బిందుమాధవి అడిగింది.

“అదేనమ్మా మన గ్రేట్‌నెస్” అన్నారు విజయభాస్కర్ గారు. “అవార్డు పుట్టకముందే మనకొచ్చింది.”

అది ఇంగ్రిడ్ సొరుగులో ఎందుకుందన్న ప్రశ్నను అప్రస్తుతమని కొట్టివేశారు.

శనివారం హాల్లో సభ. గాజుపెట్టెలో వెల్వెట్ మీద పతకం, దానికో బంతిపూల దండ. “సోదర సోదరీమణులారా” అన్నారు ద్వారకానాథ్ గారు. “ప్రపంచం మనల్ని గుర్తించడానికి ఇంకా టైమ్ పట్టొచ్చు. మనల్ని మనం గుర్తించుకోవడానికి ఒక్క వీకెండ్ చాలింది.” హాలు మారుమోగింది.

ఆ మారుమోతలోనే బిందుమాధవి ఇంగ్రిడ్‌ను చెయ్యిపట్టి తీసుకొచ్చింది. తెల్లావిడ పక్కనుంటే ఫొటోకు అంతర్జాతీయ స్థాయి వస్తుందని ద్వారకానాథ్ గారే మైకు అందించారు. ఆమె గాజుపెట్టెలోకి వంగి చూసింది.

“దీని రంగేమైంది?” అని అడిగింది.

ఆపైన మైకులో దాని కథ చెప్పింది. స్టాక్‌హోమ్‌లో రాజుగారి పాతికేళ్ల సంబరాలకు వెళ్లిన అమ్మమ్మ దాన్ని తెచ్చుకుందట. తల్లి దాన్ని గౌను అంచులో పెట్టి కుట్టుకుని ఓడలో ఈ దేశానికి తెచ్చిందట. అది కనబడక తను ఇల్లంతా వెతికిందట. దాని మీది మాటలకు ‘సోదర ప్రజల క్షేమం’ అని అర్థమట. స్వీడన్, నార్వే అప్పుడు ఒకే రాజు కింద ఉండేవి, ఎనిమిదేళ్లకు విడిపోయాయి.

విడిపోయాయన్న మాట వినగానే సభకు ఆమె మీద తొలిసారి ఆత్మీయత కలిగింది. చప్పట్లు కొట్టారు.

“నా పతకం నాకిస్తారా?” అన్నది ఇంగ్రిడ్.

కార్యవర్గం అక్కడికక్కడే సమావేశమై ఆమె భావోద్వేగాలను గౌరవిస్తూ తీర్మానం చేసింది. అసలు హక్కుదారు తేలేదాకా జాతి సంపదను చేజార్చరాదని కూడా తీర్మానించింది. ఆమెకు శాలువా కప్పి, ప్లాస్టిక్ జ్ఞాపిక ఇచ్చి, పులిహోర పొట్లంతో సాగనంపారు. ఆమె శాలువాను కుర్చీ మీదే మడిచిపెట్టి వెళ్లింది.

మర్నాడు పొద్దున ద్వారకానాథ్ గారు వాకింగ్‌కు వెళ్లగానే బిందుమాధవి, రాత్రి ఇంటికి చేర్చిన గాజుపెట్టె తెరిచింది. ఇంగ్రిడ్ తలుపు తీసేసరికి పతకం చేతిలో పెట్టి, రంగు పోగొట్టినందుకు క్షమించమన్నది.

“మళ్లీ వస్తుందిలే” అన్నది ఇంగ్రిడ్. “గాలికి వదిలేస్తే అదే నల్లబడుతుంది. చూడ్డానికి నేనుండను, అంతే.” ఆ పూట ఇద్దరూ ఆ వంటింట్లో కాఫీ తాగారు.

ఇంట్లో తుపాను వస్తుందని బిందుమాధవి సిద్ధపడే తిరిగొచ్చింది. రాలేదు. ద్వారకానాథ్ గారు ఖాళీ పెట్టెను చూసి, పతకం ఫొటోను పెద్దది చేయించి, లామినేట్ చేయించి అందులో నిలబెట్టారు. అసలుది భద్రత దృష్ట్యా లాకరులో ఉందని విజయభాస్కర్ గారు ప్రకటించారు. దర్శనానికి వచ్చేవాళ్లు తగ్గలేదు సరికదా, ఫొటోలో ఇంకా బాగా కనబడుతోందని సంతోషించారు.

ఆ ఫొటో ఇప్పటికి అన్ని తెలుగు గ్రూపులూ తిరిగింది. కింద దణ్ణాల గుర్తులు బారులు తీరాయి. ఇంతసేపూ నవ్వుతూ చదివారు కదా, మీ గ్రూపులో ఒకసారి పైకి జరిపి చూసుకోండి. మీ దణ్ణం నా దణ్ణం కంటే ముందే ఉంది.