ఫోనుకీ బోనుకీ మధ్య పిల్లి

"పిల్లిని క్యారియర్‌లో పెట్టి తీసుకురండి," అంది ఫోనులో విమానాల ఆఫీసు అమ్మాయి.

"క్యారియర్‌లో పెట్టడానికి అది పిల్లమ్మా, కూర కాదు!" అని గర్జించాడు మైకు మామ. బతుకంతా సభలకి మైకుసెట్లు పెట్టీ పెట్టీ ఆయనకి గొంతు పెరిగింది, చెవి తరిగింది.

"అంటే బోనండీ, బోను!"

"ఓ, ఫోనా! ఆ ముక్క ముందే చెప్పచ్చుగా. ఇంకా?"

"అందులో పిల్లి లేచి నిలబడాలి, ఒక చుట్టు తిరగాలి. కింద మెత్తటి గుడ్డ పరవండి. గాలి ఆడాలి. తలుపు గట్టిగా పడాలి."

విమానం సాయంత్రం. మర్నాడు పొద్దున అవతలి ఊళ్లో మామ భార్య కొత్త కుట్టుకొట్టు తెరుస్తోంది. తాళం తల్లి చేత్తోనే తీయించాలని ఆవిడ పట్టు. తన పిల్లి దొరసాని లేకుండా గడప దాటనని ఆ తల్లి పట్టు. ఇన్ని పట్టుల మధ్య మన మామ ఉత్త నూలు.

"అత్తయ్యా, దొరసానిని ఫోనులో పెట్టాలిట. నిలబడి, ఒక చుట్టు తిరగాలిట."

"ఏం అల్లుడూ, పిల్లికి పెళ్లిచూపులా?"

మంచం మీద మెత్తటి దుప్పటి పరిచారు. గాలికి ఫ్యాను తిప్పారు. తలుపు గట్టిగా వేశారు. వీడియో తీయడానికి మామ ఫోను పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. దొరసాని పడుకుంది. పాలగిన్నె ఎత్తి చూపిస్తే లేచింది గానీ తిరగలేదు. "ఇలాగే, ఇలా!" అంటూ మామ తనే గుండ్రంగా తిరిగాడు. ఆయనకి కళ్లు తిరిగాయి, పిల్లి మాత్రం తిరగలేదు. ఆయన తూలిపడేసరికి బెదిరి కర్టెనెక్కింది. కర్టెను కడ్డీతో సహా మామ నెత్తికెక్కింది. బయటికి పోదామంటే గట్టిగా వేసిన గడియ బిగుసుకుపోయింది.

"లోపల ఏం చేస్తున్నారండీ?" అన్నాడు గడియ ఊడగొట్టడానికి వచ్చిన పక్కింటి వడ్రంగి.

"పిల్లిని తిప్పుతున్నాం!"

"తిప్పలు పడుతున్నారన్నమాట."

సుత్తి చప్పుడుకి దొరసాని గిర్రున ఒక చుట్టు తిరిగింది. మామ ఫోను ఆ చుట్టుని పట్టేసింది.

బయల్దేరేటప్పుడు మామ తన పాత స్పీకరు పెట్టె కూడా చంకనెత్తుకున్నాడు.

"ఆ డొక్కు డబ్బా ఎందుకు?"

"మీకు దొరసాని ఎంతో నాకిది అంత, అత్తయ్యా."

విమానాశ్రయం కౌంటరులో అమ్మాయి వీడియో చూసి ముచ్చటపడింది. "బాగుందండీ. మరి అసలు పిల్లేదీ?"

అత్తగారు శాలువా తొలగించింది. "మ్యావ్" అంది శాలువా.

"అయ్యో, బోనేదండీ?"

"ఇదిగో ఫోను!"

"బోనండీ!"

"ఫోనేనమ్మా!"

గొంతులు పెరిగాయి. వెనకాల వరస పెరిగింది. చివరికి ఆ అమ్మాయి వేళ్లని ఊచల్లా మొహానికి అడ్డం పెట్టుకుని "బో... ను" అంది. మామ మొహం మాడిపోయింది.

"బోను లేకపోతే పిల్లిని ఎక్కనివ్వరండీ."

అత్తగారు బెంచీ మీద కూలబడింది. "నువ్వెళ్లు అల్లుడూ. తాళం నువ్వే తియ్యి. లేకపోతే ఆ పిచ్చిది కొట్టు ముందు నిలబడే ఉంటుంది."

ఎంత మెల్లగా అన్నా ఆ మాట మాత్రం మామకి సరిగ్గానే వినబడింది.

ఆయన స్పీకరు పెట్టె దించాడు. చిల్లర బిళ్లతో వెనక పలక మరలు విప్పి, లోపలి స్పీకరు బయటికి లాగి అత్తగారి ఒళ్లో పెట్టాడు. ముందు గాలాడే జాలీ ఉండనే ఉంది. కింద శాలువా పరిచాడు. దొరసాని లోపలికి నడిచింది, నిలబడింది, ఎవరూ అడగకుండానే ఒక చుట్టు తిరిగి పడుకుంది. తలుపులా పలక బిగించాడు. గట్టిగానే పడింది.

అమ్మాయి టేపు పెట్టి కొలిచింది. "సరిపోయిందండీ!" అని, విసుక్కుంటున్న వరసకేసి మైకు తిప్పింది. "ఆలస్యానికి ఏమీ అనుకోకండి. ఈ పెద్దాయనకి బోను అంటే ఫోను అని వినబడింది. అందుకని పిల్లిని వీడియో తీసి తెచ్చారు!"

వరసంతా గొల్లుమంది. అందరికంటే పెద్దగా నవ్వింది మామే.

విమానం గాల్లోకి లేవగానే పెట్టెలోంచి "మ్యావ్" అని మోగింది. ఆ స్పీకరు పెట్టెలోంచి గరగరలేని శబ్దం రావడం అదే మొదటిసారి.