కింది గది కోసం బ్లాక్‌జాక్ సమరము

చెవులొగ్గి వినుడు! పచ్చిక తివాచీలతో, జంట గరాజులతో విరాజిల్లు అల్ఫారెట్టా నగరమున, విశాల్, ఇషా దంపతుల గృహమందు మేడమీద నాలుగు పడకగదులును, కింద ఒక్కటియే గదియు నుండెను. ఆ కింది గదిపై మోకాళ్ల నొప్పుల మహావీరులిద్దరు కన్నువేసిరి. ఒకరు విశాల్ తండ్రి, విశ్రాంత సివిల్ ఇంజనీరు గౌరీశంకర్. వేరొకరు ఇషా తల్లి, శాంటా క్లారాలో ముప్పదియేండ్లు గణితము బోధించి వచ్చిన లీల. వియ్యాలవారి మర్యాద అడ్డుపడుటచే, "మీరు తీసుకోండి", "అబ్బే, మీరే తీసుకోండి" అనుచు పది దినములు పదునాఱు మెట్లెక్కి ఒకరినొకరు త్యాగముతో హింసించుకొనిరి.

పదునొకండవ నాడు గౌరీశంకరుని ఓర్పు తెగెను.

"చెల్లెమ్మగారూ, రేపు సీనియర్స్ బస్సు కొండల్లో కాసినోకి వెళ్తోంది. చెరో ఏడు వందల డాలర్లు. నాలుగింటికి ఎవరి దగ్గర ఎక్కువ మిగిలితే వాళ్లదే కింది గది."

"డన్, అన్నయ్యగారూ," అనెను లీల.

మరునాటి మధ్యాహ్నము, సహస్రదీపకాంతులతో, యంత్రఘంటారావములతో దిక్కులు పిక్కటిల్లుచున్న కాసినో రణరంగమున ఇరువురును బ్లాక్‌జాక్ బల్లకడ పక్కపక్కన కూర్చుండిరి. పేకముక్కల మొత్తము ఇరవైయొకటి దాటరాదు, ముక్కలు పంచు డీలరును మించవలె, ఇదియే యుద్ధధర్మము.

ద్విగుణవ్రతధారి గౌరీశంకర్ మీసము దువ్వి గర్జించెను: "పది పెడతా. పోతే ఇరవై, అదీ పోతే నలభై! ఎప్పుడో ఒకసారి గెలవక తప్పదుగా? గెలిచానంటే పోయిందంతా వెనక్కి, పైన పది లాభం. ఈ సిస్టమ్ ఫెయిలయ్యే ప్రసక్తే లేదు!"

"మీరు ఎంత పెట్టారో ముక్కలకేం తెలుసు?" అనెను లీల. "ఏవి వెళ్లిపోయాయో నేను లెక్కపెడతా. పెద్దవి మిగిలాయంటే పందెం పెంచుతా. అందాకా ఓపిక పడతా."

అంత నా గణనాధురంధర, చిన్న ముక్క పోయిన ఒకటి కూడుచు, పెద్ద ముక్క పోయిన ఒకటి తీసివేయుచు, పెదవి కదపక జపమొనర్చెను. గౌరీశంకర్ పది పదిగా అరువది గెలిచి ఆమెవంక జాలిగా చూచెను. ఆమె నూటనలభైయైదు పోగొట్టుకొనియు లెక్క తప్పలేదు.

అంతలో విధి విరుచుకుపడెను! గౌరీశంకరుని పది పోయె, ఇరవై పోయె, నలభై, ఎనభై, నూటఅరవై వరుసగా నేలకూలె. అతడు మూడువందల ఇరవై ముందుకు నెట్టగా, డీలరు బల్లమీది పలకను చూపెను.

"మూడు వందలే మాక్సిమమ్, సర్."

"అదేంటయ్యా! మరి నా సిస్టమ్?"

"ఆ రూల్ అందుకే పెట్టారు, సర్."

దిక్కుతోచక మూడువందలే ఒడ్డెను. అతనికి పందొమ్మిది, డీలరుకు ఇరవై. ఏడువందల సేనలో నూటయాభై మిగిలెను.

అదే క్షణమున లీల లెక్క పదమూడుకెక్కెను, అనగా మిగిలినవి పెద్ద ముక్కలే. వెంటనే నూఱు డాలర్లు పెట్టెను. ఆసు పడెను, దానిపై రాజు పడెను, రెండు ముక్కలకే ఇరవైయొకటి: బ్లాక్‌జాక్! పందెమునకు ఒకటిన్నర రెట్లుగా నూటయాభై వచ్చిచేరెను. రెండవ నూఱు పెట్టబోవు చేతికడకు ఫ్లోర్ మేనేజర్ వచ్చి వంగెను.

"మేడమ్, ఇంకేదైనా ఆడండి. బ్లాక్‌జాక్ మాత్రం వద్దు. మీ లెక్కకి మేం తట్టుకోలేం."

ముప్పదియేండ్ల స్టాఫ్ మీటింగులలో ఎన్నడును దక్కని మర్యాద! లీల ముఖము పూర్ణచంద్రబింబమయ్యెను.

గౌరీశంకర్ మోకాలు నిమురుకొనుచు లేచి, "ఒప్పుకున్నాను చెల్లెమ్మగారూ. గది మీది, మెట్లు నావి," అనెను.

ఆ మోకాటిని చూచి విజేత మనసు కొంచెము, కొంచెమే, కరగెను. "మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా మీరక్కడ కునుకు తీయొచ్చు. నా దిండు మాత్రం ముట్టుకోకండి."

ఇట్లు లీలామహావీర, ఐదు డాలర్ల అఖండ లాభముతో శత్రుసంహార మొనర్చి, దినమునకు గంటన్నర తక్కువగా, కింది గదికి ఏకచ్ఛత్రాధిపత్యము వహించెను!