అంతయ్య పాస్‌పోర్టు ఆగిన సంగతి

పోచంపల్లి చీరలమ్మే అంతయ్యకు నూలు కంపెనీ వాళ్లు సింగపూరుకు రెండు టికెట్లు బహుమానంగా ఇచ్చారు. ఆ రెండో టికెట్టే కొంప ముంచింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో దుకాణం పెట్టిన నాటి నుంచి భార్య భూలక్ష్మి పక్కన లేకుండా ఆయన సినిమాకు కూడా పోయింది లేదు. ఒక్కసారైనా పేకాట దోస్తు మట్టయ్యతో కలిసి, "ఇగ చాలు లే" అనే గొంతు వినపడని దేశంలో ఐదు రోజులుండాలని ఆయన కోరిక.

ఇద్దరి పాస్‌పోర్టు దరఖాస్తులు నింపుతుంటే దారి దొరికింది.

"పోలీసు కేసులేమన్న ఉన్నయా అని అడుగుతున్నరే," అన్నాడు.

"నిన్ను చేసుకున్నదే పెద్ద కేసు. లేవని రాయి. ఉంటే ఏమైతది?"

"పాస్‌పోర్టు ఆగుతది."

ఆ మాట కాస్త ఎక్కువ సంతోషంగా అన్నాడు. భూలక్ష్మి తలెత్తి చూసి, మళ్లీ చిక్కుడుకాయల ఈనెలు తీయసాగింది.

అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఎల్బీనగర్ చౌరస్తాలో రోజూ వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే తినడం. పోలీసులొచ్చి పేర్లు రాసుకుని కొందరిని వ్యానెక్కించడం.

మర్నాడు అంతయ్యకు రాష్ట్రం మీద ప్రేమ పొంగింది.

"ఆడోళ్లందరు రోడ్డు మీదికొస్తున్నరు. నువ్వు ఇంట్ల కూసుంటే ఎట్ల?"

"మొన్న సరూర్‌నగర్ చెరువు దాక పోతనంటే, ఒక్కదానివేంది అన్నవు గదా."

"గది వేరు. గిది తెలంగాణ."

భూలక్ష్మి గరిటె పట్టుకుని బయలుదేరింది.

మూడు రోజులైనా భూలక్ష్మి మీద కేసు కాలేదు. ఆమె పులిహోరకు మాత్రం పేరొచ్చింది. బందోబస్తు పోలీసులు కూడా విస్తరాకులతో వరసలో నిలబడ్డారట. ఇట్లయితే లాభం లేదని నాలుగో రోజు అంతయ్యే కదిలాడు. ఒక్క పేరే ఇస్తే అనుమానమొస్తుందని, అక్కడికొచ్చే, తన దగ్గర చీరలు కొనే ఆడవాళ్లతో కలిపి ఇరవై పేర్లు కాగితం మీద రాసుకున్నాడు. మొదటిది భూలక్ష్మి. దాని కింద గీత కూడా.

చౌరస్తాలో ఎస్సై జీపు దిగగానే కాగితం అందించాడు.

"మీకు తక్లీఫ్ ఎందుకని నేనే రాసుకొచ్చిన సార్. ఎవ్వల్నీ ఇడవకుండ్రి."

ఎస్సై కాగితాన్నీ అంతయ్యనూ మార్చి మార్చి చూశాడు.

"వీళ్లందర్నీ తెచ్చింది నువ్వేనా?"

"అయ్యో, నేనెవర్ని సార్..."

"ఏమమ్మా, మీ లీడరెవరు?"

భూలక్ష్మి గరిటె లేపి మొగుడి వైపు చూపింది. వెంటనే మరో పందొమ్మిది గరిటెలు లేచాయి.

"ఇంట్ల కూసుంటే ఎట్ల అని నన్ను తోలింది గాయనే సార్," అంది. "కాదంటాడేమో అడుగుండ్రి."

ఎస్సై కేసు అంతయ్య ఒక్కడి మీదే రాశాడు. వ్యాన్లోకి ఎక్కేటప్పుడు ఆ గరిటెల ఆడవాళ్లలో ఒకామె, సైదమ్మ, ఆయన మెడలో బంతిపూల దండ కూడా వేసింది.

పది రోజులకు పాస్‌పోర్టు విచారణకు ఇంటికొచ్చింది, ఆ రోజు చౌరస్తాలో పేర్లు రాసుకున్న కానిస్టేబులే. పక్కింటి కోటేశ్వరమ్మ, భీమవరం ఆవిడ, సాక్ష్యం చెప్పింది.

"అన్నయ్యగారు చాలా మంచోరండీ. ఉద్యమం అంటే ప్రాణం పెట్టేస్తారు."

భూలక్ష్మి పాస్‌పోర్టు వచ్చింది. అంతయ్యది ఆగింది.

"ఒక్కదానివి ఎట్ల పోతవు?" అన్నాడు చివరి ఆశతో.

"ఒక్కదాన్నేంది? కోటేశ్వరమ్మ వదినకు పాస్‌పోర్టు ఉండనే ఉన్నది."

"లీడరు పెండ్లాం ఆంధ్రామెతోని పోతే జనం ఏమంటరే?"

"రాష్ట్రాన్ని మీరు పంచుకోండి అన్నయ్యగారూ," అంది గుమ్మంలోంచి కోటేశ్వరమ్మ. "టికెట్లు మేం పంచుకుంటాం."

వీసా దగ్గరైనా ఆగకపోతుందా అనుకున్నాడు. తిరిగి ఇండియా వస్తారని రుజువేంటని ఏజెంటు అడిగాడు కూడా. భూలక్ష్మి మొగుడి మీది కేసు కాగితం నకలు జతచేసింది.

"మా ఆయన ఎటూ కదల్లేడు సార్. నేను రాక ఏడికి పోత?"

వీసా వచ్చేసింది.

ఆమె విమానమెక్కిన రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆకలేసి అంతయ్య చౌరస్తాకు పోతే సైదమ్మ గరిటె చేతికిచ్చింది.

"భూలక్ష్మి చెప్పి పోయిందన్నా. ఆమె వచ్చేదాక కలిపేది నువ్వేనంట."

పొగకు కళ్లు తుడుచుకుంటూ పులిహోర కలుపుతుంటే కానిస్టేబులు వచ్చి పేర్లు రాసే పుస్తకం తీశాడు. ఈసారి పేరు అడగలేదు. ఉప్పు సరిపోయిందా అని మాత్రం అడిగాడు.